జైలుకెళ్లొస్తే ఓటు పోతుందా?

ప్రశ్న: గట్టు తగాదాలో మూడేళ్ల శిక్ష పడింది. 2022లో విడుదలయ్యాను. 2024 మే 13న బూత్‌కు వెళ్తే జాబితాలో పేరు తీసేశారన్నారు. శిక్ష పడినవాడికి ఆరేళ్లు ఓటుండదని మా ఊరి నాయకుడు అందరి ముందూ అన్నాడు. అవమానంతో నిద్ర పట్టడం లేదు. అత్తగారి ఊరి అడ్రస్‌తో ఓటు రాయించుకోమంటున్నారు. పరువునష్టం కేసు వేయవచ్చా?
- ఒక పాఠకుడు, బాపట్ల జిల్లా

జవాబు: పరువు సంగతి పక్కన పెట్టండి. మీ పేరు ఏ కారణంతో తీశారు? మీ ఉత్తరంలో లేనిది అదే.

నాయకుడు చెప్పిన ఆరేళ్లు పోటీకి సంబంధించినవి. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే విడుదలయ్యాక ఆరేళ్లు పోటీకి అనర్హత. ఓటు వేరు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 62(5) ప్రకారం జైల్లో ఉన్నంతకాలమే ఓటు వేయలేరు. అప్పుడు కూడా జాబితాలో పేరు ఉంటుంది. చిత్రమేమిటంటే, నేరం రుజువు కాని రిమాండ్ ఖైదీకి ఓటు లేదు, శిక్ష పడి బెయిల్‌పై బయటున్నవాడికి ఉంది. ఓటుకు లంచం, దొంగ ఓటు లాంటి ఎన్నికల నేరాల్లో శిక్ష పడితే మాత్రం ఆ తేదీ నుంచి ఆరేళ్లు ఓటు హక్కే పోతుంది. మీది గట్టు తగాదా.

బహుశా మీరు ఇంట్లో లేరని ‘షిఫ్టెడ్’ (వేరే చోటికి మారారు) అని రాసి తీసేసి ఉంటారు. అదే అయితే తప్పు. జైలు నివాసం కాదని ప్రజాప్రాతినిధ్య చట్టం 1950, సెక్షన్ 20 చెబుతోంది. నోటీసివ్వకుండా, మీ మాట వినకుండా తీయకూడదు కూడా. తొలగింపు ఉత్తర్వు, ఎవరైనా ఫారం-7 (పేరు తీసేయమనే దరఖాస్తు) పెట్టి ఉంటే దాని నకలు ఆర్టీఐ కింద ఈఆర్ఓ (ఓటర్ల నమోదు అధికారి) ఆఫీసులో అడగండి.

ఉత్తర్వుపై అప్పీలు గడువు 15 రోజులే. విడుదలై ఇన్నాళ్లూ జాబితా ఒక్కసారైనా చూసుకోలేదు, పోలింగ్ రోజు చూస్తే ఏం లాభం? ఇప్పుడు ఆ అప్పీలు వెంట పడకండి. సొంతూరి అడ్రస్‌తో కొత్తగా ఫారం-6 (పేరు చేర్చమనే దరఖాస్తు) పెట్టండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాత ఓటరు కార్డు నంబరు, జైలు విడుదల పత్రం దగ్గర పెట్టుకోండి.

అత్తగారి ఊరి ఆలోచన మానేయండి. అక్కడ ఉంటున్నానని అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే అదే 1950 చట్టం సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు. మళ్లీ వెళ్లాలని ఉందా?

ఎన్నికలు వస్తే నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో పేరు చేర్చరు, కాబట్టి ఈ వారమే ఇవ్వండి, రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే 15 రోజుల్లో కలెక్టరుకు, అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు.