మాత్ర ధర కాదు, నెల ఖర్చు చూడండి

మీ తమ్ముడి బైపోలార్ జబ్బుకు (ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) వాడే మందుల్లో లురాసిడోన్ కంటే క్వెటియాపిన్ చౌక అన్నారు; ఆ లెక్క తప్పింది మాత్ర ధర దగ్గరే. మీరు చూసింది క్వెటియాపిన్ 50 మి.గ్రా. మాత్ర. కానీ బైపోలార్ కుంగుబాటుకు సాధారణంగా చేరే దాని మోతాదు రాత్రికి 300 మి.గ్రా.

1. డాక్టరు రాసిన మోతాదుకు రోజుకయ్యే ధరను 30తో హెచ్చవేయండి. జన ఔషధి కేంద్రంలోనూ అడగండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: లురాసిడోన్‌ను కనీసం 350 కేలరీల ఆహారంతో వేసుకోవాలి. ఖాళీ కడుపున వేస్తే ఒంటికి పట్టేది దాదాపు సగమే, అంటే డబ్బూ సగం వృథా. గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు చాలవు. కడుపునిండా పప్పన్నం తిన్న వెంటనే ఇవ్వండి.

3. బైపోలార్‌కు వాడే మరో మందు లిథియం చౌకే, కానీ రక్తంలో దాని స్థాయి చూసే పరీక్షల ఖర్చూ కలపండి. ఆ రక్త నమూనా చివరి మోతాదు తర్వాత 12 గంటలకు ఇవ్వాలి.

ఖర్చు భారమైతే మొహమాటపడకుండా డాక్టరుకే చెప్పండి. మందు మాత్రం సొంతంగా ఆపవద్దు.