వంతెన దిగగానే స్కూలు, పక్కనే సంత: స్పీడ్ బ్రేకర్ ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి?

మీరు అడిగింది ఇదీ: పాలకొల్లు వైపు కాలువ గట్టు రోడ్డు, 7 మీటర్ల తారు, వంతెన దిగీ దిగగానే స్కూలు గేటు, దాన్ని ఆనుకుని కూరగాయల సంత. బైకులూ చేపల లారీలూ వేగం తగ్గించకుండా దిగిపోతున్నాయి. వీధిలో చందాలు వేసుకుని సిమెంటుతో రెండు బ్రేకర్లు పోయిద్దామనుకుంటున్నారు. పోయించవచ్చా, ఎంత ఎత్తు ఉండాలి?

సిమెంటు మాత్రం పోయించకండి. చందాలతో వేసే దిమ్మ మామూలుగా అడుగు వెడల్పే ఉంటుంది, ఎత్తు మాత్రం ఎక్కువ. బైకు ముందు చక్రం దాన్ని ఎక్కి దిగేశాక వెనక చక్రం ఎక్కుతుంది, అంటే రెండు వేర్వేరు కుదుపులు. వెనక ఒక పక్కకి కాళ్లు వేసుకుని కూర్చున్న ఆడవాళ్లు పడిపోయేది ఆ రెండో కుదుపుకే. లారీ వాళ్లు దిమ్మ దగ్గరకొచ్చి బ్రేకు కొట్టి, దాటగానే మళ్లీ తొక్కుతారు. వంద మీటర్లు పోకుండానే పాత వేగం వచ్చేస్తుంది. కుర్రాళ్లు పక్కన మట్టి మార్జిన్‌లోంచి తప్పించుకుపోతారు. పిల్లలు నడిచేది సరిగ్గా ఆ మార్జిన్‌లోనే.

ముందు కొలవండి. ఖర్చు లేని పని, రేపు అర్జీలో బలంగా నిలబడేదీ అదే. రోడ్డు అంచున టేపుతో 50 మీటర్లు కొలిచి, రెండు చివరలా సున్నంతో గీత గీయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ముందు చక్రం మొదటి గీత తాకినప్పుడు నొక్కి, రెండో గీత తాకగానే ఆపండి. 6 సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్లు, 4.5 అయితే 40, 3.6 అయితే 50, 3 అయితే 60. ముందు బండి అడ్డు లేకుండా స్వేచ్ఛగా పోతున్నవాటినే లెక్కలోకి తీసుకోండి; సంత గుంపులో చిక్కుకుని నిదానంగా కదిలే బండ్లను కలిపితే సగటు తప్పుతుంది. వంద బండ్లు రాసుకుని వేగాన్ని బట్టి వరుస పెట్టండి. నిదానం నుంచి లెక్కేస్తే 85వ బండి వేగం ఎంతో, ఇంజనీర్లు చూసే అంకె అదే. మెరిసే చొక్కా వేసుకుని ఎదురుగా నిలబడి కొలవకండి. పోలీసులనుకుని అందరూ తగ్గిస్తారు. గోడ పక్కనో, కొట్టు అరుగు మీదో కూర్చుని కొలవండి. స్కూలు వేళ ఒకసారి, మధ్యాహ్నం రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి.

ఇప్పుడు వంతెన సంగతి. మీ వీధిలో అసలు ప్రమాదం వేగం ఒక్కటే కాదు, కనపడకపోవడం కూడా. ఈ గట్లు ఒకప్పుడు పడవలు లాగేవాళ్లు నడిచిన గట్లే. కాలువలో పడవలు పోయేందుకు వంతెన ఎత్తుగా కట్టేవారు, రోడ్డు దాని మీదికి ఎక్కి దిగాలి. వంతెన దిగువన నిలబడిన పిల్లవాడికి కనపడేది వంతెన నడినెత్తి వరకే, మహా అయితే 40 మీటర్లు. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకుకి ఆ 40 మీటర్లు 3 సెకన్ల లోపు పని. 7 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు మనిషికి దాదాపు 6 సెకన్లు, కర్ర పట్టుకున్న ముసలమ్మకి 9 సెకన్లు కావాలి. ఆ 9 సెకన్లలో అదే బైకు 125 మీటర్లు వస్తుంది. అంటే ఆమె అటూ ఇటూ చూసి, ఏ బండీ లేదని నిర్ధారించుకుని అడుగు వేసినా, సగం రోడ్డులో ఉండగా బండి మీదికొచ్చేస్తుంది. తప్పు ఆమెది కాదు, దాటే చోటుది.

అందుకే మొదటి పని, దాటే చోటును వంతెన పాదం నుంచి జరపడం. రెండు వైపులా 75 మీటర్లైనా తెరిపిగా కనపడే చోటు వెతకండి. 30 వేగంలో 9 సెకన్లకి సరిపోయేది అంతే. అక్కడిదాకా జనం నడవరు అనకండి. గేటు జరిపితే నడుస్తారు. స్కూలు గోడకి పక్క సందులోకి మరో గేటు ఉంటే, ఉదయం సాయంత్రం అదే తెరిచి, రోడ్డు వైపు గేటుకి తాళం వేయమని హెడ్మాస్టర్ని అడగండి. ఆటోలూ సందులోనే ఆగుతాయి. ఈ ఒక్క మార్పు చాలా చోట్ల బ్రేకర్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

గేటు జరపడం కుదరకపోతే కనీసం మరుగు తొలగించండి. దాటే చోటుకి రెండు పక్కలా 10 మీటర్ల మేర ఏ బండీ ఆగకూడదు: అరటిపళ్ల తోపుడు బండి, బొండాల బండి, ఆటో స్టాండు, అన్నీ ఆ 10 మీటర్లకి అవతలికి పోవాలి. వాళ్ల బేరం పోకుండా అవతల చోటు ముందే చూపించండి, లేకపోతే వారంలో తిరిగొచ్చేస్తారు. ఆర్టీసీ బస్సు దాటే చోటు దాటాక ఆగాలి. ముందే ఆగితే దిగినవాళ్లు బస్సు ముందు నుంచి దాటుతారు, వెనక నుంచి ఓవర్‌టేక్ చేసే బైకుకి వాళ్లు చివరి క్షణం దాకా కనపడరు.

ఇక బ్రేకర్. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణంలో చిన్న రోడ్ల మీద గుండ్రటి హంప్ (వెడల్పాటి స్పీడ్ బ్రేకర్) కొలత స్పష్టంగా ఉంది: బండి పోయే దిశలో 3.7 మీటర్ల పొడవు, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తు, పై వంపుకి 17 మీటర్ల వ్యాసార్ధం. దీన్ని 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటవచ్చు, 45తో పోతే ఎగిరిపడతారు. బైకు రెండు చక్రాలూ ఒకేసారి దీని మీద ఉంటాయి కాబట్టి ఆ రెండో కుదుపు ఉండదు. మేస్త్రీ కంటి అంచనాకి వదిలేస్తే మధ్యలో 16 సెంటీమీటర్లు చేసేస్తాడు, కార్ల అడుగు గీసుకుంటుంది. అచ్చు తయారు చేయించండి: ప్లైవుడ్ మీద మధ్యలో 100 మిల్లీమీటర్లు, మధ్య నుంచి అర మీటరు జరిగితే 93, మీటరు జరిగితే 71, మీటరున్నర జరిగితే 34, 1.85 మీటర్ల దగ్గర సున్నా. ఈ చుక్కలు కలిపి కోస్తే చాలు, వేడి తారు కంకర మీద అచ్చు పెట్టి లాగి సరిచూడవచ్చు. 7 మీటర్ల రోడ్డుకి సుమారు 1.7 ఘనపు మీటర్లు, అంటే 4 టన్నుల తారు మిక్స్ పడుతుంది. రెండు అంచుల దగ్గర పాత తారును రెండు మూడు సెంటీమీటర్లు చెక్కి, ఎమల్షన్ (అతుక్కోవడానికి వాడే పలచటి తారు ద్రవం) కొట్టి, ఆపైన వేయాలి. చెక్కకుండా పలచగా మూసేసిన అంచు రెండు నెలల్లో పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది.

జనం దాటే చోటే బ్రేకర్ కావాలంటే పైన చదునుగా ఉండేది మేలు: 10 సెంటీమీటర్ల ఎత్తు, చదును భాగం కనీసం 3 మీటర్లు, అటూ ఇటూ మీటరున్నర వాలు. చదును మీద జీబ్రా గీతలు. నడిచేవాళ్లు కిందికి దిగక్కర్లేదు, బండ్లే పైకెక్కాలి. వంతెన వాలు మీద మాత్రం ఏదీ వేయొద్దు. ధాన్యం బస్తాల ట్రాక్టరు వాలులో బ్రేకు కొడితే ట్రక్కు పక్కకి తిరుగుతుంది. వాలు పూర్తయి నేల సమంగా అయ్యాక 15-20 మీటర్లు వదిలి వేయండి. వంతెనకి అవతలి పక్కనే హెచ్చరిక బోర్డు ఉండాలి, ఎందుకంటే నడినెత్తికి వచ్చాక చూసినా లాభం లేదు.

డెల్టాలో ఈ పని పాడయ్యేది ఎక్కువగా నీళ్ల వల్ల. హంప్ రోడ్డు మీద చిన్న ఆనకట్ట లాంటిది. ఎగువ పక్కన వాన నీళ్లు నిలిచిపోతే కింద బంకమట్టి నాని, తారు కుంగి, నెలల్లో గొయ్యి పడుతుంది. అప్పుడు బైకులు గొయ్యి తప్పించబోయి పడతాయి. డ్రైను ఉన్న వైపు అంచున నీరు పోయేందుకు దారి ఉంచాలి, కానీ బైకు దూరేంత సందు కాదు. అంచు దాకా వేసి కింద 10 సెంటీమీటర్ల పైపు పెడితే రెండూ కుదురుతాయి. పైపు నోరు చెత్తతో పూడకుండా వానల ముందు ఒకసారి చూసుకోవాలి. తారు పని, రంగు పని రెండూ ఎండాకాలంలోనే, కాలువలు కట్టేసిన రోజుల్లో పెట్టుకోండి.

రంగు విషయంలో ఎనామిల్ పెయింటుకి డబ్బు తగలేయకండి, ఒక వర్షాకాలంలో పోతుంది. వేడి చేసి పోసే థర్మోప్లాస్టిక్ అడగండి: మందం 2.5 మిల్లీమీటర్లు, పైన చదరపు మీటరుకి 250 గ్రాముల గాజుపూసలు చల్లాలి. రాత్రి హెడ్‌లైటు వెలుగులో మెరిసేది ఆ పూసలే. కాంట్రాక్టరు ముందుగా మిగుల్చుకునేదీ వాటినే. చల్లేటప్పుడు దగ్గరుండి చూడండి, మర్నాడు రాత్రి టార్చి కంటి దగ్గర పెట్టుకుని దూరం నుంచి గీత మీద వేసి చూడండి. గీతలు అర మీటరు వెడల్పు, మధ్య సందు అర మీటరు. రొయ్యల, చేపల లారీల నుంచి కారే నీళ్లతో గీత నున్నగా జారుతుంది, కాబట్టి మలుపులో జీబ్రా వేయించొద్దు.

నడిచే దారి లేకుండా ఇవన్నీ సగం పనే. చోటు లేదంటారు కానీ, పక్కనే మురుగు కాలువ ఉంటుంది. దాని మీద ఇనుము వేసిన కాంక్రీటు పలకలు పరిస్తే దారి వస్తుంది. పలకలు ఇద్దరు మనుషులు ఎత్తగలిగేంత చిన్నవిగా ఉండాలి, లేకపోతే పూడిక తీసేవాళ్లు పగలగొట్టేస్తారు. ఎత్తే కొక్కేలు పలక లోపలికి దిగి ఉండాలి. పైకి పొడుచుకొస్తే చీకట్లో కాలికి తగిలేది అవే. ప్రమాణం 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు. అంత రాకపోయినా, ఉన్నంతలో స్తంభాలూ కొట్ల మెట్లూ లేకుండా చూడండి.

కాలువ వైపు అంచు ఖాళీగా ఉంటే దాన్నీ అర్జీలో చేర్చండి. ఇనుప రక్షణ కంచె స్తంభాలు 2 మీటర్లకొకటి చొప్పున, భూమిలో 1.1 మీటర్లు దిగాలి. గట్టు అంచున వదులు మట్టిలో ఊరికే దించితే కారు తగలగానే కంచెతో సహా కాలువలోకి పోతుంది. అక్కడ కాంక్రీటు పునాది కావాలి, అందుకు జలవనరుల శాఖ అనుమతి కూడా కావాలి.

రాత్రి దీపం సరిగ్గా జీబ్రా నెత్తిన కాదు, బండి వచ్చే వైపు కాస్త ముందు ఉండాలి. అప్పుడే మనిషి మీద వెలుగు పడి డ్రైవరుకి కనపడతాడు. కొబ్బరి మట్టలు దీపాన్ని కప్పేస్తుంటే కొట్టించండి. దాళ్వా (రెండో పంట వరి) కోతల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసినప్పుడు అంచున రాళ్లు పెట్టకుండా రైతులతో ముందే మాట్లాడుకోండి. వాళ్లకి ఎండబెట్టే చోటు లేకే రోడ్డెక్కుతున్నారు, కాబట్టి మార్కెట్ యార్డులోనో, ఖాళీ లేఅవుట్లోనో చోటు చూపించి అడగండి. బైకు చక్రం కింద వడ్లు జారతాయి, రాళ్లు రాత్రి కనపడవు.

ఇక కాగితాలు. ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి: పంచాయతీదా, మున్సిపాలిటీదా, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)దా, జలవనరుల శాఖ గట్టా. 216 లాంటి జాతీయ రహదారి అయితే హంప్‌లు వేయరు. గరుకు గీతలు (రంబుల్ స్ట్రిప్స్), బోర్డులు, లైట్లు అడగాలి. అనుమతి లేకుండా మీరే వేసిన దిమ్మ మీద ఎవరైనా పడితే బాధ్యత మీ మీదికొస్తుంది. అర్జీకి మీ వేగం లెక్కల పట్టిక, ఏ గంటలో ఎంతమంది దాటుతున్నారో లెక్క, చోటు గీసిన చిత్తు పటం, నాలుగు ఫోటోలు జత చేసి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు, అక్కడ చర్చకు పెట్టమని రాయండి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోయినా వికలాంగుడైనా బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. బెదిరింపుగా కాదు, మర్యాదగా ఒక వాక్యంలో ప్రస్తావించండి, ఫైలు కదులుతుంది.

పోగైన చందా వృథా కాదు. అనుమతి వచ్చేలోపు దాంతో మెరిసే స్టిక్కర్లు అంటించిన ఇసుక డ్రమ్ములు ఆరు కొని, పోలీసులకి చెప్పి, సంత మలుపులో బండ్లు వెడల్పుగా తిరిగే మూలను అవి పెట్టి బిగించండి. మలుపు బిగుసుకుంటే వేగం దానంతటదే తగ్గుతుంది. రాళ్లు, సిమెంటు దిమ్మెలు వద్దు. మూడు వారాలయ్యాక అదే 50 మీటర్ల గీతల మధ్య, అదే వేళకి మళ్లీ వంద బండ్లు కొలవండి. 85వ బండి 4.5 సెకన్ల కన్నా తక్కువలోనే దాటేస్తుంటే డ్రమ్ములు ఇంకో అడుగు లోపలికి జరపండి. బస్సు తిరగడానికి ఇబ్బంది పడుతుంటే అర అడుగు వెనక్కి. డ్రమ్ములు ఆఖరికి ఎక్కడ కుదురుకుంటాయో అక్కడే సున్నంతో గుర్తు పెట్టి, ఆ పటం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి ఇవ్వండి. శాశ్వతంగా కట్టాల్సిన అంచు అదే.