పుస్తకం చేతికిచ్చే ముందు మనిషిని చూడు

గుంటూరు

చి.ల.సౌ. అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ చలికాలమంతా రోజూ గంటసేపు పుస్తకం చదవాలని నిశ్చయించుకున్నావనీ, ఆదివారం సాయంత్రాలు మీ అపార్టుమెంటులోని ఆడవాళ్లను మేడమీద కూర్చోబెట్టి, ఎవరికి నచ్చిన పుస్తకం గురించి వాళ్లచేత చెప్పించే ఏర్పాటు చేస్తున్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. శాఖా గ్రంథాలయాల్లో ఉద్యోగం చేసి రిటైరైన నాకు ఇంతకన్నా సంతోషకరమైన కబురు ఏముంటుంది? అయితే సంక్రాంతిలోగా 20 పుస్తకాలు పూర్తి చేయాలని ఫ్రిజ్ తలుపు మీద పట్టిక అంటించావని కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

సమయం గురించి నీకు ఎక్కువ చెప్పనక్కరలేదు. డిసెంబరులో మన దగ్గర ఆరు కాకముందే చీకటి పడుతుంది, పిల్లలు ఆటలు మాని పెందలాడే ఇల్లు చేరతారు, ఫ్యాను వేయము కాబట్టి పేజీలు ఎగరవు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఫోనును అక్కడే చార్జింగుకు పెట్టి రా. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు వేసి వచ్చాక, పాలు కాగేలోపు దొరికే పావుగంటను కూడా వదులుకోకు. కానీ దుప్పటి ముసుగులో ఫోను వెలుగుకు చదివావంటే మాత్రం నేనూరుకోను. నీ కళ్లద్దాల పవరు ఏడాదికేడాది పెరుగుతోంది. ఒక మంచి టేబుల్ లైటు కొనుక్కో. ఆ మేడమీది సమావేశం కూడా నాకు నచ్చలేదు. మీలో ఒకావిడకు ఉబ్బసం ఉందట కదా, మంచు పడే వేళ ఆరుబయట కూర్చోబెడితే వచ్చే ఆదివారం ఆవిడ రాదు. హాల్లో చాపలు పరిచి, తలా గ్లాసు వేడి అల్లం టీ ఇవ్వు.

ఇక ఆ పట్టిక సంగతి. మీ అమ్మ పదో తరగతి చదివే రోజుల్లో మీ తాతయ్య ఒక ధనుర్మాసంలో ఆమె చేతిలో వేయిపడగలు పెట్టి, పండగలోగా పూర్తి చేయాలని ఆజ్ఞాపించారు. మీ తాతయ్యకు ఆ నవలంటే ప్రాణం. విశ్వనాథ సత్యనారాయణ గారు అంత పెద్ద నవలను 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాశారనే సంగతి ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ‘ఆయన చెప్పిన రోజుల్లో నువ్వు చదవనైనా చదవలేవా’ అన్నది ఆయన వాదన. ప్రతి రాత్రీ భోజనాల దగ్గర, ఎన్ని పేజీలయ్యాయని అడిగేవారు. పుస్తకంలో ఏముందని ఒక్కరోజూ అడగలేదు. పక్కమంచం మీద పడుకునే నేను చూస్తుండేదాన్ని. మీ అమ్మ భోజనానికి లేచే ముందు పుస్తకం తెరిచి, గుర్తుగా పెట్టుకున్న జడరిబ్బను ముక్కను పాతిక పేజీలు ముందుకు జరిపి, మళ్లీ మూసేసేది. ఆ రిబ్బను సంక్రాంతికి చివరి పేజీ చేరింది. మీ తాతయ్య మురిసిపోయి అందరికీ చెప్పుకున్నారు. మీ అమ్మ ఆ తరువాత చాలా ఏళ్లు పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ముట్టలేదు. నవల గొప్పదే, తండ్రి ప్రేమా గొప్పదే, కానీ ఆ వయసుకూ ఆ పుస్తకానికీ ముడి పెట్టడం, పైగా రోజూ లెక్క అడగడం ఆ పిల్లకు చదువుకునే సంతోషాన్నే దూరం చేశాయి.

ఆమెను తిరిగి పుస్తకం వైపు తిప్పింది నువ్వే. నీ పురిటికి మా ఇంట్లో ఉన్నప్పుడు, అమరావతి కథల్లో ఒక చిన్న కథ దగ్గర తెరిచి ఆమె దిండు పక్కన పెట్టాను. అందులో 100 కథలున్నాయి, ఒక్కొక్కటీ కొద్ది పేజీలే, బాపు గారి బొమ్మలు ఉంటాయి, ఊరు కూడా మనకు దగ్గరిదే. నువ్వు పాలు తాగి నిద్రపోయేలోపు ఒక కథ అయిపోయేది. మర్నాడు తనంతట తానే పుస్తకం అడిగింది. అప్పటికి ఆమెకు ఉన్న తీరిక ఆ కాస్తే, ఆ పుస్తకం అందులో ఇమిడింది.

అమ్మలూ, నువ్వు రేపు పదిమందికి పుస్తకాలు చెప్పబోతున్నావు కాబట్టి నా భయమంతా ఇక్కడే ఉంది. ‘మంచి పుస్తకం ఇవ్వండమ్మా’ అని గ్రంథాలయానికి వచ్చినవాళ్లను నేను ముందుగా కొన్ని విషయాలు అడిగేదాన్ని. ఆఖరుగా చివరిదాకా చదివిన పుస్తకం ఏది, రోజులో ఏ వేళ చదువుతారు, సగంలో ఏది విసుగనిపించి వదిలేశారు అని. వాళ్ల జవాబులను బట్టి నాకు బీరువాలో ఏ అర వైపు చెయ్యి చాచాలో తెలిసేది. జ్వరం మనిషికి పులిహోర వడ్డించినట్లు, అలసి వచ్చినవాళ్లకు మనకిష్టమైన బరువైన నవలను అంటగట్టకూడదు. పుస్తకాన్ని మనిషి ఉన్న చోటికి తీసుకువెళ్లడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1914లో మీ బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు మన జిల్లా కాలువల్లో పడవ మీద గ్రంథాలయం నడిపారు.

చెప్పేటప్పుడు కథంతా చెప్పేయకు. నిన్ను ఏ ఘట్టం పట్టుకుందో, ఆ పుస్తకం ఎలా పుట్టిందో చెప్పు. మాలపల్లి నవల గురించి చెప్పాలనుకో, గుంటూరులో శారదా నికేతనం స్థాపించిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు దాన్ని జైల్లో రాశారనీ, అచ్చయ్యాక ప్రభుత్వం నిషేధించిందనీ చెబితే, ఎందుకు నిషేధించారో తెలుసుకోవాలని వినేవాళ్లకు వెంటనే అనిపిస్తుంది. నచ్చని పుస్తకం గురించి నచ్చలేదని చెప్పే స్వేచ్ఛ కూడా అందరికీ ఉండాలి.

అరువిచ్చిన పుస్తకానికి పేరూ తేదీ రాసుకో, మొహమాటపడకు. మీ బెజవాడ లెనిన్ సెంటరులో పాత పుస్తకాలు కొంటే చివరి పేజీలు ఉన్నాయో లేదో అక్కడే చూసుకో, ఇంటికి తెచ్చాక ఒక పూట ఎండలో పెట్టి, వేపాకు వేసిన అరలో సర్దు.

జనవరి మొదట్లో మీ ఊళ్లో జరిగే పుస్తక ప్రదర్శనకు నేను వస్తున్నాను, రెండు రోజులు నీ దగ్గరే ఉంటాను. నేను వచ్చేలోగా ఆ పట్టిక తీసేసి, దాని స్థానంలో ఆదివారం వచ్చేవాళ్ల పేర్లు రాసి, ఎవరు ఏ వేళ చదువుతారో, ఏది చదివితే సంతోషించారో ఒక్కొక్కరి పేరు ఎదుట రాసిపెట్టు. ఆ ఉబ్బసం ఉన్న ఆవిడకు రాత్రిళ్లు నిద్ర పట్టదని విన్నాను, ఆమెను ముందు అడుగు. ఆ కాగితం చేత్తో పట్టుకునే మనం స్టాళ్లు తిరుగుదాం.

మీ అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ