పాటిగడ్డ తెలిసిన పిల్లకు ఆర్కియాలజీ ఇంగ్లిష్ అంటే భయమెందుకు?

ప్రశ్న: మేడం, మాది ములుగు దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు హన్మకొండలో బీఏ హిస్టరీ ఫైనలియర్. ఎమ్మే ఆర్కియాలజీ చేయాలని ఉంది. మొన్న ఒక మాక్ ఇంటర్వ్యూలో పసిఫిక్ దీవుల్లో ఆదిమానవులు ఎట్లా స్థిరపడ్డారో అర పేజీ చదవమని ఇచ్చి, దాని మీద రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడమన్నారు. విషయం అర్థమైంది కానీ మాటలు రాలేదు, సగంలో ఆగిపోయాను. ఏదైనా వొకాబ్యులరీ లిస్ట్ ఉంటే చెప్పండి. మా నాన్న అయితే ఇవన్నీ వద్దు, బీఎడ్ చెయ్యమంటున్నారు.

జవాబు: లిస్ట్ ఇవ్వను బిడ్డా. ఇస్తే మూడు వందల మాటలు బట్టీ పడతావు, ఇంటర్వ్యూ గదిలో ఫ్యాన్ గాలికి అవి ఎగిరిపోతాయి, ఇది నేను చాలామంది పిల్లల దగ్గర చూసిందే. నీకు కావలసినవి ముప్పై లోపే, అందులో సగం నీకు ముందే తెలుసు. చిక్కు కూడా అక్కడే ఉంది, తెలిసిన మాటలే ఆర్కియాలజీలో వేరే పని చేస్తుంటాయి.

సెటిల్‌మెంట్ అనే మాటే చూడు. మన వరంగల్‌లో సెటిల్‌మెంట్ అంటే భూమి పంచాయితీ, సెటిల్ అయ్యాడు అంటే పిల్లవాడికి ఉద్యోగం వచ్చి ప్లాటు కొన్నాడని. ఆర్కియాలజీలో మాత్రం మనుషులు కాపురం ఉన్న చోటు సెటిల్‌మెంట్, అంటే మీ ఊరి బయట పాటిగడ్డ అంటారు చూడు, పొలాలకు పాటిమన్ను తోలుకునే ఆ దిబ్బ, అదన్నమాట. ఫీచర్ అంటే నీకు సెల్‌ఫోన్ ఫీచర్ గుర్తొస్తుంది. ఇక్కడ ఫీచర్ అంటే ఎత్తుకుని తీసుకుపోలేనిది, పొయ్యి గానీ, గుంజ పాతిన గుంత గానీ, గోడ పునాది గానీ. చేత్తో ఎత్తుకోగలిగేది, మనిషి చేసింది, ఆర్టిఫాక్ట్. కుండ పెంకు షెర్డ్, గాజు పెంకైతే షార్డ్ (రెండూ కలిపి వాడేవాళ్లూ ఉన్నారు, దానికి టెన్షన్ పడకు). తిని పారేసిన గుల్లలు, బొక్కలు, బూడిద పోసీ పోసీ ఏర్పడిన పెంటకుప్ప మిడెన్. అండమాన్ దీవుల్లో రెండు వేల ఏళ్ల కింది గుల్లల మిడెన్‌లు ఉన్నాయి, ఇండియాలో ద్వీపాల ఆర్కియాలజీ గురించి ఎవరైనా అడిగితే ముందు అవే చెప్పు.

ఇంకో మాట. నువ్వు ఆదిమానవులు అని రాశావు, బహుశా అక్కడ ఇంగ్లిష్‌లోనూ ప్రిమిటివ్ అని ఉంటావు. ఆ మాట మానెయ్. ప్రీహిస్టారిక్ అంటే రాత రాకముందు కాలం అని మాత్రమే, తెలివిలేని కాలం అని కాదు. మూడు వేల ఏళ్ల కింద కనబడని దీవుల వైపు పడవలో పిల్లాజెల్లతో బయలుదేరినవాళ్లు నీలాంటి నాలాంటి మనుషులే, మన ధైర్యం కంటే వాళ్లది ఎక్కువేమో కూడా.

నీకిచ్చిన పాఠం పసిఫిక్ గురించంటే మూడు వేల ఏళ్ల కింద పడవల మీద ఆ దీవులకు పోయిన లపీటా జనం గురించే అయి ఉండొచ్చు, కాబట్టి వాళ్లతోనే నేర్చుకుందాం. పాపువా న్యూ గినీ పక్కన బిస్మార్క్ దీవుల దగ్గర మూడు వేల ఏళ్లకంటే ముందే ఒక రకం కుండలు కనబడటం మొదలైంది, పళ్లున్న దువ్వెనతో అద్దినట్టు చుక్కచుక్కల ముద్రలు ఉంటాయి వాటి మీద. ఈ ముద్రలను డెంటేట్ స్టాంపింగ్ అంటారు. కొన్ని వందల ఏళ్లలోనే అవే కుండలు ఫిజీ, టోంగా, సమోవా దాకా పోయాయి. ఇట్లా ఒకే తరహా వస్తువులు చాలాచోట్ల కలిసి దొరికితే దాన్ని కల్చర్ అంటారు, బతుకమ్మ, బోనాలు అనే అర్థంలో కాదు. లపీటా అనే పేరు కథ ఇంకా తమాషా. 1952లో న్యూ కాలెడోనియా అనే పసిఫిక్ దీవిలో తవ్వుతుంటే, అక్కడి భాషలో గుంత తవ్వడం అనే అర్థం వచ్చే మాటను తవ్వకందారులు ఊరి పేరనుకుని లపీటా అని రాసుకున్నారు, అదే ప్రపంచమంతా స్థిరపడింది. ఇంగ్లిష్‌లో తప్పు మాట్లాడతానేమో అని భయపడే నీకు ఇది చెప్పాలనిపించింది.

వాళ్లు ఉత్త చేతులతో పోలేదు. పందులు, కోళ్లు, మన చామగడ్డ లాంటి దుంపలు వెంట తీసుకుపోయారు. దీన్ని ట్రాన్స్‌పోర్టెడ్ ల్యాండ్‌స్కేప్ అంటారు, అంటే పొలాన్నీ కొట్టాన్నీ పడవలో ఎక్కించుకుపోవడమే. సమ్మక్క జాతరకు పోయేవాళ్లు ట్రాక్టర్ మీద పొయ్యి, బియ్యం, మేకతో సహా పోతారు కదా, అట్లా అనుకో, కాకపోతే తిరుగు ప్రయాణం ఉందో లేదో తెలియదు. దీవుల గుంపు ఆర్కిపెలగో, ఆర్చి అని పలకకు. ఐలాండ్‌లో ఎస్ పలకదు. పడవకు పక్కన కట్టే తేలుడు కర్ర అవుట్‌రిగ్గర్. ఒక దీవికి మొదట చేరినవాళ్ల గుంపు ఫౌండర్ పాపులేషన్. ఈ నాలుగూ వచ్చాయంటే సముద్రం దాటినట్టే.

ఇంతవరకూ పేర్లే, వీటికి వారం చాలు. అసలు నువ్వు ఆగిపోయింది క్రియల దగ్గర. తెలుగులో మనకు ఒక చిన్న అక్షరం ఉంది, ట. ఉండేవారట, వచ్చారట. నేను చూడలేదు, తెలిసినంతలో ఇది అనే మాట మొత్తాన్ని ఆ ట మోస్తుంది. ఇంగ్లిష్‌లో దానికి సరిపోయే తోక లేదు, అందుకే మన పిల్లలు ఉంటే దే కేమ్, దే లివ్‌డ్ అని చూసొచ్చినట్టు చెప్పేస్తారు, లేదంటే నోరు మూసుకుంటారు. ఆ ట బదులు వాడవలసినవి ఇవి: ది ఎవిడెన్స్ సజెస్ట్స్, ఇట్ ఈజ్ లైక్లీ దట్, దే మే హావ్, దే కుడ్ హావ్. ఇవి అందంగా ఉండటానికి కాదు, ఒక్కోదాని బరువు వేరు.

ఎంత వేరో చూడు. 1947లో థోర్ హేయర్‌డాల్ అనే నార్వే ఆయన బల్సా దుంగలతో కోన్‌టికి అనే తెప్ప కట్టి పెరూ నుంచి బయలుదేరి, 101 రోజులు సముద్రంలో తేలి పసిఫిక్‌లోని పాలినీషియా దీవులకు చేరాడు. దక్షిణ అమెరికా నుంచే ఆ దీవులకు జనం వచ్చారని ఆయన వాదన. తెప్ప చేరింది, సరే. దాంతో రుజువైందేమిటి? కుడ్ హావ్. రాగలిగి ఉండొచ్చు అని మాత్రమే. వచ్చారు అనడానికి కుండలు, భాషలు, డీఎన్‌ఏ కావాలి, అవన్నీ ఆ జనం పడమటి నుంచి, ఆసియా వైపు నుంచే వచ్చారంటున్నాయి. అట్లాగని దక్షిణ అమెరికాతో సంబంధమే లేదనలేం, ఎందుకంటే కొలంబస్ కంటే ముందే పాలినీషియాలో చిలగడదుంప ఉంది, మనం శివరాత్రికి ఉడకబెట్టుకునే కందగడ్డే, అది పుట్టింది అమెరికాలో. అందుకే అక్కడ కాంటాక్ట్ అంటారు, సెటిల్‌మెంట్ అనరు. ఈ రెండు మాటల తేడా నీ నోట వస్తే ఎదురుగా కూర్చున్నవాళ్లు పెన్ను పక్కన పెట్టి వింటారు, నీ యాస ఎట్లున్నా సరే.

అట్లాగే అబ్సిడియన్. అగ్నిపర్వతపు గాజు, నల్లగా మెరుస్తుంది, ఒక్కో కొండ గాజులో రసాయనాల పాళ్లు వేరు కాబట్టి ముక్క ఎక్కడిదో పట్టేయొచ్చు, దీన్ని సోర్సింగ్ అంటారు. బిస్మార్క్ దీవుల్లోని న్యూ బ్రిటన్ అబ్సిడియన్ 3 వేల కిలోమీటర్లకు పైన ఉన్న ఫిజీలో దొరికింది. ఇప్పుడు నువ్వు చెప్పు: వాళ్లే తెచ్చుకున్నారా, చేతులు మారుతూ వచ్చిందా? ముక్క ఆ సంగతి చెప్పదు. కాబట్టి ఇట్ సజెస్ట్స్ లాంగ్ డిస్టెన్స్ కాంటాక్ట్ అని ఆగు. ఎక్కడ ఆగాలో తెలియడం ఈ చదువులో సగం.

తేదీల దగ్గర ఒక్క జాగ్రత్త. పుస్తకాల్లో బీపీ అని ఉంటుంది, బిఫోర్ ప్రెజెంట్. ఆ ప్రెజెంట్ ఈ సంవత్సరం కాదు, 1950. పాత బొగ్గు, బొక్కల వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పద్ధతి 1949లో వచ్చింది కాబట్టి లెక్కకు 1950ని గీతగా పెట్టుకున్నారు.

మరి ఇవన్నీ ఎక్కడ అలవాటు చేసుకోవాలి అంటే, నీకున్న అదృష్టం పుణె లాంటి నగరాల్లో ఇదే చదివే పిల్లలకు లేదు. తాడ్వాయి దిక్కు దామరవాయి గుట్ట మీద బండలు నిలబెట్టి పైన పలక కప్పినవి ఉన్నాయి కదా, ఊళ్లో రాకాసి గుళ్లు అంటారు. అవి డాల్మెన్‌లు. అట్లాంటి పెట్టెనే భూమిలో ఉంటే సిస్ట్, ఒంటరిగా నిలబెట్టిన రాయి మెన్హిర్, రాళ్ల కుప్ప కెయిర్న్. ఒక ఆదివారం పో, ఒక్కదాని ముందు నిలబడి ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పు. ముందు కనబడేది చెప్పు: ఎన్ని బండలు, ఎంత ఎత్తు, ఏ దిక్కు తెరిచి ఉంది. తర్వాత ఊహించేది, సజెస్ట్స్ పెట్టి. ఈ రెండూ కలిపేయకు. మొదటి రికార్డింగ్ వింటే ఏడుపొస్తుంది, నాలుగోది బాగుంటుంది. ఆ తర్వాత అదే మూసలో లపీటా గురించి చెప్పి చూడు.

ఇక నాన్నగారి సంగతి. ఆయన భయంలో తప్పేం లేదు, ఈ లైన్‌లో ఉద్యోగాలు తక్కువ, దాచను. పుణె డెక్కన్ కాలేజీ, మనకు దగ్గర్లో ఉస్మానియా, ఇవి చూడు. పీజీ అయ్యాక గ్రేటర్ నోయిడాలో ఆర్కియలాజికల్ సర్వే వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది, సర్వేలో ఆఫీసర్ పోస్టులు యూపీఎస్సీ ద్వారా పడతాయి, పడినప్పుడే పడతాయి. నెట్ రాస్తే లెక్చరర్ దారి ఉంటుంది. నాన్నతో ఇట్లా మాట్లాడుకో: ఎమ్మేకు అప్లై చేస్తాను, ఎడ్‌సెట్ కూడా రాస్తాను, సీటు వచ్చాక కూర్చుని నిర్ణయిద్దాం అని. బీఎడ్ ఎక్కడికీ పోదు, ఎమ్మే తర్వాతైనా చేసుకోవచ్చు.

గుట్ట మీదికి పోయినప్పుడు పెంకు దొరికితే సంచిలో వేసుకు రాకు. ఉన్నచోటే పక్కన పెన్ను పెట్టి ఫొటో తీసుకో, సైజు తెలుస్తుంది. వస్తువు ఎక్కడ, ఏ పొరలో, దేని పక్కన ఉందో దాన్ని కాంటెక్స్ట్ అంటారు, నువ్వు కదిపితే అది పోతుంది. రికార్డింగ్ నాలుగోది అయ్యాక నాకు పంపు, వింటాను.