డిగ్రీ ఎక్కడ చూపిస్తారో ముందు తేల్చుకోండి

చదువు సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్ సీఈసీ పాసైంది. అమెరికాలో ఒక చిన్న క్రైస్తవ కాలేజీ ఆన్‌లైన్‌లో బీఏ చెబుతుందని చర్చిలో తెలిసినవాళ్లు చెప్పారు. 'క్రెడిట్‌కి ఇంత' అంటారే గానీ మొత్తం ఎంతవుతుందో ఎవరూ చెప్పడం లేదు. ఇంట్లో కూర్చుని చదివితే నాలుగేళ్లలో అయిపోతుందా?
– ఓ తల్లి, ఉప్పల్

జవాబు: అక్కడ ఏడాదికి ఇంత అని ఫీజు ఉండదమ్మా, ఎన్ని క్రెడిట్లు తీసుకుంటే అంత కట్టాలి. క్రెడిట్ అంటే సబ్జెక్టు బరువుకు కొలత. బీఏకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. ఒక్కో సబ్జెక్టుకు 3 క్రెడిట్లు కాబట్టి దాదాపు 40 సబ్జెక్టులు. క్రెడిట్ 300 డాలర్లు అనుకుందాం. 120కి 36,000 డాలర్లు. డాలరును 85 రూపాయలకే లెక్కేసినా 30 లక్షల 60 వేలు. టెక్నాలజీ ఫీజు, పుస్తకాలు, బ్యాంకు కోత దీని మీద అదనం. స్కాలర్‌షిప్ ఉందంటే అది క్రెడిట్ రేటులో తగ్గింపా, మొదటి సెమిస్టర్‌కు మాత్రమేనా అన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి. అమెరికా ప్రభుత్వం విద్యార్థులకిచ్చే ఫెడరల్ సాయం విదేశీయులకు రాదు.

నాలుగేళ్లలో అవ్వాలంటే ఏడాదికి 30 క్రెడిట్లు, అంటే పది సబ్జెక్టులు పూర్తి కావాలి. సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తీసుకున్నా అక్కడ ఫుల్‌టైమ్ అనే అంటారు. కానీ ఆ లెక్కన పది సెమిస్టర్లు, అంటే ఐదేళ్లు. ఆన్‌లైన్ సబ్జెక్టులు చాలావరకు 8 వారాలవి. ఒక క్రెడిట్‌కు సుమారు 45 గంటల పని ఉంటుందన్నది అక్కడి లెక్క. అంటే 3 క్రెడిట్ల సబ్జెక్టుకు 135 గంటలు. 8 వారాలకు పంచితే వారానికి దాదాపు 17 గంటలు. రెండు సబ్జెక్టులు కలిపి తీసుకుంటే 34. ఇక 'ఇంట్లో కూర్చుని' తీరిగ్గా చదవొచ్చన్న మాట పక్కనపెట్టేయొచ్చు.

చిన్న కాలేజీతో ఇంకో చిక్కుంది. ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకున్నా బైబిల్‌లోని పాత నిబంధన, కొత్త నిబంధన, క్రైస్తవ సిద్ధాంతం వంటి సబ్జెక్టులు తప్పవు. అవి తరచుగా పెడతారు కాబట్టి దొరుకుతాయి. మేజర్‌లోని పైస్థాయి సబ్జెక్టులే ఏడాదికో, రెండేళ్లకో ఒక్కసారి వస్తాయి. ఒకటి తప్పిందంటే దాని కోసం ఏడాది ఆగాలి. అందుకే చేరేముందు ఏ సబ్జెక్టు ఏ టర్మ్‌లో వస్తుందో చూపే రొటేషన్ పట్టిక అడగండి. ఇవ్వలేకపోతే వాళ్ల దగ్గరే అలాంటిది లేదన్నమాట.

ప్రశ్న: మేం చూస్తున్న అమెరికా క్రైస్తవ కాలేజీ వెబ్‌సైట్ చిరునామా డాట్ ఈడీయూ అని ఉంది. 'అక్రెడిటెడ్' అని పెద్ద ముద్ర కూడా ఉంది. ఇది చాలదా?
– ఓ తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: చాలదు. 2001 అక్టోబర్ 29 తర్వాత డాట్ ఈడీయూ పేరు అక్రెడిటేషన్ (చదువు నాణ్యతకు గుర్తింపు) ఉన్నవాళ్లకే ఇస్తున్నారు. కానీ అంతకుముందు తీసుకున్నవాళ్ల పేరును వెనక్కి తీసుకోలేదు. ముద్ర ఎవరిదో చూడండి. అక్రెడిటేషన్ ఇచ్చే పెద్ద సంస్థల్లో హెచ్‌ఎల్‌సీ, ఎస్‌ఏసీఎస్‌సీఓసీ వంటివి ఉంటాయి. క్రైస్తవ కాలేజీలకు ప్రత్యేకంగా ట్రాక్స్, ఏబీహెచ్‌ఈ అనే రెండు సంస్థలు పనిచేస్తాయి. ఇవన్నీ అమెరికా విద్యాశాఖ గుర్తించినవే. ఆ శాఖ నడిపే డాపిప్ అనే ఉచిత జాబితాలో కాలేజీ పేరు మీరే వెతకండి. 'క్యాండిడేట్' అని ఉంటే గుర్తింపు ఇంకా దారిలో ఉందని.

కొన్ని రాష్ట్రాల్లో మతసంస్థలకు లైసెన్స్ నుంచి మినహాయింపు ఉంటుంది. దాన్నే 'రాష్ట్ర గుర్తింపు' అని బ్రోషర్లో వేస్తారు. ఆ మినహాయింపు అక్రెడిటేషన్ కాదు. ఈ తిరకాసులో పడేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: నేను అలాంటి ఆన్‌లైన్ కోర్సులో చేరిపోయాను. పగలు ఉద్యోగం, రాత్రి చదువు. డిస్కషన్ పోస్టులు ఆలస్యమని రెండుసార్లు మార్కులు పోయాయి. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలియడం లేదు.
– ఓ విద్యార్థి, మల్కాజ్‌గిరి

జవాబు: గడియారం దగ్గర. గడువు 'గురువారం రాత్రి 11:59, ఈస్టర్న్ టైమ్' (అమెరికా తూర్పు ప్రాంత సమయం) అంటే మనకు శుక్రవారం ఉదయం. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అది 9:29. మిగతా రోజుల్లో 10:29. చలికాలమంతా పది గంటలకు పోస్ట్ చేసి అలవాటైనవాళ్లు మార్చిలో దెబ్బతింటారు. ఒక్క వారంలో గడువు గంట ముందే వచ్చేస్తుంది, మనకెవరూ చెప్పరు. కాలేజీ సెంట్రల్ టైమ్‌లో ఉంటే ఇంకో గంట కలుపుకోండి. ఆన్‌లైన్ క్లాసులకు కాన్వాస్ అనే సాఫ్ట్‌వేర్ వాడే కాలేజీ అయితే అకౌంట్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి టైమ్ జోన్‌ను ఇండియాకి మార్చండి. గడువులన్నీ మన టైములోనే కనిపిస్తాయి.

ఇంకో సంగతి. మామూలుగా మొదటి పోస్ట్ వారం మధ్యలో, తోటివాళ్లకు రెండు జవాబులు వారాంతంలో రాయాలి. మూడూ ఒకేరోజు వేస్తే మార్కులు కోస్తారు. కొన్ని క్రైస్తవ కాలేజీలు ఆదివారం ఆరాధన దినమని గడువును శనివారం రాత్రికే పెడతాయి. సిలబస్ మొదటి పేజీ చూడండి.

కెమెరా ముందు రాసే పరీక్షలకు గది నాలుగు వైపులా తిప్పి చూపించాలి. పాస్‌పోర్టులో పేరు, కాలేజీ రికార్డులో పేరు ఒకటే ఉండాలి. అమ్మ టీ పెట్టి వెళ్లినా 'రెండో మనిషి' అని నమోదవుతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లాప్‌టాప్ నడుస్తుంది గానీ రౌటర్ ఆగుతుంది. దాన్ని కూడా ఇన్వర్టర్ లైన్‌లో పెట్టించుకోండి, ఫోన్ హాట్‌స్పాట్ ముందే కలిపి చూసుకోండి.

ప్రశ్న: ఆ అమెరికా ఆన్‌లైన్ డిగ్రీతో ఇక్కడ గ్రూప్స్ రాయొచ్చా? ఉస్మానియాలో పీజీ చేయొచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివిన విదేశీ డిగ్రీకి ఇక్కడి డిగ్రీతో సమానమని చెప్పే పత్రం వస్తుందనుకుని డబ్బు కట్టకండి. 2023 డిసెంబర్‌లో యూజీసీ కూడా విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్ముతున్న ఆన్‌లైన్ డిగ్రీలతో జాగ్రత్త అని హెచ్చరించింది. ప్రభుత్వ ఉద్యోగం, ఇక్కడి పీజీ లక్ష్యమైతే ఆ డబ్బు, ఆ ఐదేళ్లు వృథా అవుతాయి. ఇక్కడ చూపించే డిగ్రీకి వేరే దారి ఉంది.

యూజీసీ 2020 నిబంధనల ప్రకారం అనుమతి పొందిన సంస్థలు ఇచ్చే ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానం. అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం (డెబ్) జాబితాలో చూడండి, ఏ కోర్సుకు, ఏ విద్యాసంవత్సరానికో కూడా. అందులో చేరడానికి డెబ్ ఐడీ కావాలి. దానికి ముందు చదువు క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ, దాన్ని డిజీలాకర్‌లో ఆధార్‌తో తీస్తారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక ఉంటే ఇక్కడే ఇరుక్కుపోతారు. ముందు ఆధార్ సరిచేయించుకోండి. తక్కువ ఖర్చులో కావాలంటే 1982లో మొదలైన, జూబ్లీహిల్స్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉండనే ఉంది.

2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చేసే వీలుంది, ఒకటి కాలేజీకి వెళ్లి, ఇంకోటి ఆన్‌లైన్‌లో. ఇది గుర్తింపు ఉన్న డిగ్రీల మాటే.

ప్రశ్న: నేను చిన్న సంఘానికి పాస్టర్‌ని. నాకు ఉద్యోగం అక్కర్లేదు, వాక్యం చదువు కావాలి. మరి నేను?
– కాప్రా

జవాబు: మీ విషయంలో మేం పైన చెప్పిన భయాలు చాలావరకు పోతాయి, అయ్యగారూ. సంఘం, మీ మండలి పెద్దలు ఒప్పుకునే చదువైతే చాలు. మొత్తం డిగ్రీ కొనక్కర్లేదు. నచ్చిన రెండు మూడు సబ్జెక్టులు 'ఆడిట్' పద్ధతిలో, మార్కులు లేకుండా, తక్కువ ఫీజుకు చదవనిచ్చే కాలేజీలున్నాయి. తెలుగువాళ్ల మధ్య చదవాలనుకుంటే లోయర్ ట్యాంక్‌బండ్‌లోని ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కాలేజీలో అడగండి. అది థియాలజీ డిగ్రీలిచ్చే సెరాంపూర్ సెనేట్‌కు అనుబంధం.

ప్రశ్న: అమెరికా కాలేజీలో ఆన్‌లైన్‌లో చేరి, ఏడాది తర్వాత ఆ కాలేజీ క్యాంపస్‌కే వెళ్లొచ్చా?
– ఓ విద్యార్థి, ఎల్బీనగర్

జవాబు: వెళ్లొచ్చు, కానీ వీసా కోసం క్యాంపస్ కోర్సులో మళ్లీ ప్రవేశం పొందాలి. పూర్తి ఆన్‌లైన్ కోర్సుకు, ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం ఇవ్వరు. అక్కడికి వెళ్లాక టర్మ్‌కు ఒక ఆన్‌లైన్ సబ్జెక్టు, 3 క్రెడిట్లు, మాత్రమే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. ఆన్‌లైన్‌లో చదివిన క్రెడిట్లు అదే కాలేజీలో సాధారణంగా చెల్లుతాయి. ఇంకో కాలేజీకి మారితే మాత్రం ఎన్ని తీసుకోవాలో వాళ్లిష్టం. బైబిల్ సబ్జెక్టుల్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు తరచుగా ఎలెక్టివ్‌గానే (ఐచ్ఛిక సబ్జెక్టుగానే) లెక్కేస్తాయి.