సొన ఆరేలోపు

చిరంజీవికి ఆశీస్సులు.

జాన్ డంకన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒక స్కాట్లండ్ చిత్రకారుడి గురించి తెలుగులో రాయాలన్న నీ పట్టుదల నాకెంతో నచ్చింది. కానీ తల్లీ, మొదటి పేజీలోనే ‘అలౌకికం’ మూడుసార్లు, ‘మంత్రముగ్ధం’ రెండుసార్లు వచ్చాయి. బొమ్మ మాత్రం నాకు కనపడలేదు.

1913లో వేసిన ‘సెయింట్ బ్రైడ్’నే తీసుకో. ముందు కథ చెప్పు. క్రీస్తు పుట్టే వేళకు అందుకోవాలని ఇద్దరు దేవదూతలు ఐర్లండ్ సాధ్వి బ్రైడ్‌ను స్కాట్లండ్ పడమటి తీరంలోని అయోనా దీవి నుంచి బెత్లెహేముకు సముద్రం మీదుగా మోసుకెళ్తున్నారు. ఆమె చేతులు జోడించి ఉంది. దూతల వస్త్రాల మీద క్రీస్తు కథే బొమ్మలుగా ఉంది. ఇంకా జరగని కథను ఒంటిమీద వేసుకుని ఎగురుతున్నారన్నమాట! వాళ్ళ రెక్కలు బొమ్మ చుట్టూ వేసిన అంచును కూడా దాటి వచ్చేశాయి. కింద నీళ్ళలో సీల్ అనే సముద్రజంతువు ఒకటి ఈదుతోంది. దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. పురాణం ఎంత పాతదైనా, ఆ సముద్రం డంకన్ కళ్ళారా చూసిన, అయోనా ఉన్న హెబ్రిడీస్ దీవుల సముద్రమే.

‘మధ్యయుగపు పద్ధతులు’ అని ఒక్క మాటతో దాటేశావు. అసలు సంగతంతా అక్కడే ఉంది. ఆ బొమ్మ వేసింది టెంపెరాతో. టెంపెరా అంటే రంగుపొడిని కోడిగుడ్డు పచ్చసొనలో కలిపి వేయడం. ఓసారి నేనే ఇంట్లో చేసి చూశాను. సొనను ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి మారుస్తూ తడి ఆర్చి, పైపొరను రెండు వేళ్ళతో పట్టుకుని పొడిచాను. కారిన సొనలో కాసిన్ని నీళ్ళు, జేగురుమన్ను కలిపాను. కుంచె ఎత్తేలోపే గీత ఆరిపోయింది. పక్క రంగులోకి మెత్తగా పులుముదామంటే కుదరలేదు. సన్నటి గీత పక్కన గీత, దాని మీద మళ్ళీ గీత, అంతే. ఆ ముఖాలు ఎందుకంత నిశ్చలంగా, అంచులు ఎందుకంత తేటగా ఉంటాయో అప్పుడు అర్థమైంది. నువ్వు అలౌకికమన్నది ఆ ఆరిపోయే సొనలోంచి వచ్చింది.

ఈ పని తీరును 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని అనే ఇటలీ చిత్రకారుడు రాసిపెట్టాడు. పడుచువాళ్ళ ముఖాలకు పట్నం కోళ్ళ లేతరంగు సొన, ముసలివాళ్ళ ముఖాలకు పల్లె కోళ్ళ ఎర్రసొన వాడమంటాడు. 1899లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినావిడ క్రిస్టియానా హెరింగ్‌హామ్. నూనెరంగుల వెనక మరుగునపడ్డ టెంపెరా బ్రిటన్‌లో మళ్ళీ లేవడానికి ఆ అనువాదం బాగా తోడ్పడింది. ఆవిడే తర్వాత, అప్పట్లో నిజాం రాజ్యంలో ఉన్న అజంతాకు వచ్చి, నందలాల్ బోస్ వంటి యువకుల సాయంతో అక్కడి చిత్రాలకు నకళ్ళు తీసింది. మన వైపు లంకె కావాలంటే ఇంత నిజమైనది ఉంది. బ్రైడ్‌ను సరస్వతితో పోల్చిన పేరా మాత్రం తీసెయ్. ఆమె ఐర్లండ్ మనిషి. ఆమెను అక్కడే ఉండనీ.

పేర్ల దగ్గర ఇంకొంచెం ఓపిక పట్టు. ‘సిధే’ అని రాశావు, అది ‘షీ’. డంకన్ 1911లో వేసిన బొమ్మలో గుర్రాలెక్కి వస్తున్నది వాళ్ళే, గుట్టల లోపల ఉంటారని ఐర్లండ్ వాళ్ళు చెప్పుకునే దివ్యజనం. అక్షరాలు చూసి రాయకు, అక్కడివాళ్ళు పలికితే విని రాయి.

ఈసారి సీల్ దగ్గర మొదలుపెట్టి చూడు. పదో తారీఖులోగా పంపితే ఆ రాత్రే చదువుతాను.