తెర పడిన ఇరవై నిమిషాలు

(ముప్పై ఏళ్లకు పైగా నాటకాలకు స్టేజి మేనేజరుగా పనిచేసిన రచయిత్రి, పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మా బృందం వేయబోయే నాటకం నిడివి రెండు గంటల పది నిమిషాలు. మధ్యలో ఆపితే బిగువు సడలుతుందని, కొందరు ప్రేక్షకులు మళ్లీ లోపలికి రారని, అందుకే విరామం వద్దని రచయిత పట్టుబడుతున్నారు. దర్శకుణ్ణి నేను. ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. విరామం ఇవ్వాలంటే ఎక్కడ ఇవ్వాలి? ఎంతసేపు ఇవ్వాలి?

విరామం ఇవ్వండి. మీ రచయిత భయం నాకు కొత్తది కాదు. ఆ భయంతో విరామాన్ని కొట్టేసిన నాటకానికి నేను పనిచేశాను. దాదాపు రెండు గంటల నాటకం. ప్రదర్శనకు వారం ముందు దర్శకుడు విరామం తీసేశారు. పక్కతెర సందులోంచి ప్రేక్షకులను చూస్తూ ఉండటం నా పనిలో భాగం. గంటన్నర దాటేసరికి మొదట కాళ్లు కదిలాయి. తర్వాత దగ్గులు మొదలయ్యాయి. నాటకం మొత్తంలో అతి నిశ్శబ్దంగా సాగే సన్నివేశంలో, మూడో వరుస మధ్యలోంచి ఒక పెద్దాయన లేచారు. ముందు కుర్చీల వీపులు పట్టుకుని నడుస్తుంటే, ఆయనకు దారి ఇవ్వడానికి వరుసలో సగం మంది లేచి నిలబడ్డారు. వేదిక మీద నటి తన మాటను నోట్లోనే పట్టుకుని ఆగింది. నాటకం అయిపోయాక ఆయన తలుపు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నారు. "అమ్మా, నేను బయటికి వెళ్లినప్పుడు ఏం జరిగింది? ఆ అమ్మాయి నిజం చెప్పిందా?" అని అడిగారు. నేను ఆ సన్నివేశమంతా నిలబడి చెప్పాను. ఆయనకు నాటకం నచ్చక లేవలేదు. ఒళ్లు సహకరించక లేచారు. అలాంటివారిని మనమే గెంటేసినట్టయిందని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక ఎక్కడ ఆపాలన్నది. పేజీలు లెక్కపెట్టి నాటకాన్ని సరిగ్గా సగానికి కోయకండి. మొదటి భాగం పొడుగ్గా, రెండోది పొట్టిగా ఉండాలి. మీ నిడివికి 75 నిమిషాలు, 55 నిమిషాలు బాగా కుదురుతాయి. వచ్చినప్పుడు ఉన్న ఓపిక విరామం తర్వాత ఉండదు. ఆ 75 నిమిషాల చుట్టుపక్కల, ఒక పాత్ర వెనక్కి తీసుకోలేని పని ఏదైనా చేసి, దాని ఫలితం ఇంకా బయటపడని చోటు ఉందేమో వెతకండి. దొరికాక ఒక పరీక్ష పెట్టండి. నాటకం గురించి ఏమీ తెలియని నలుగురిని రిహార్సల్‌కు పిలిచి, అక్కడిదాకా చూపించి, "తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారు?" అని అడగండి. వాళ్లలో వాళ్లు వాదించుకుంటే మీ తెర అక్కడే పడాలి. నలుగురూ ఒకే జవాబు చెబితే ఇంకా ముందుకో వెనక్కో జరపండి. విరామంలో బిగువు సడలుతుందన్న మీ రచయితకు ఆ వాదన వినిపించండి. బయట నిలబడిన ఆ కాసేపూ ప్రేక్షకులు చేసే పని అదే. పాత్రల తరఫున తగువులాడుకుని లోపలికి వచ్చినవారు రెండో భాగాన్ని మరింత శ్రద్ధగా వింటారు.

నిడివి సంగతి. పావుగంటా, ఇరవై నిమిషాలా అన్నది మరుగుదొడ్లను బట్టి తేల్చండి. కొత్త హాలుకు వెళ్లిన ప్రతిసారీ నేను ముందుగా అవే లెక్కపెట్టేదాన్ని. ఆడవాళ్ల వైపు వరుస ఎప్పుడూ పొడుగే. ఎన్నో హాళ్లలో రెండు వైపులా సమానంగా స్థలం ఇచ్చి న్యాయం చేశామనుకుంటారు కానీ, ఆడవాళ్లకు పట్టే సమయం ఎక్కువ. ఆ వరుస తరిగాకే రెండో గంట కొట్టించేదాన్ని. ఆలస్యమవుతోందని ఎవరు విసుక్కున్నా వినలేదు.

తెర వెనుక ఆ ఇరవై నిమిషాలు ఎవరికీ విశ్రాంతి కాదని కూడా మీ బృందానికి ముందే చెప్పండి. సెట్టు మారాలి. నేల ఊడవాలి, ఎందుకంటే మొదటి భాగంలో రాలిన ఒక్క మేకు చాలు, రెండో భాగంలో వట్టి కాళ్లతో నడిచే నటుడికి గుచ్చుకోవడానికి. మైకుల బ్యాటరీలు మార్చాలి. పాత్రకు పదేళ్లు పైబడితే జుట్టు, ముఖం మారాలి. వస్తువుల బల్లను నేను ప్రతి రాత్రీ కాగితం చూసి సరిచేసేదాన్ని. ఒక నాటకంలో చివరి సన్నివేశం మొత్తం ఒక ఉత్తరం మీద నడిచేది. ఒక రాత్రి అది వేరే నటుడి కోటు జేబులో దొరికింది. విరామం లేకపోతే నాటకం ముగిసేదాకా అది అక్కడే ఉండేది.

విరామం అక్కర్లేని నాటకాలూ ఉన్నాయి. తొంభై నిమిషాల లోపు ఒకే గదిలో, ఒకే రాత్రి, కాలం తెగకుండా నడిచే కథ అయితే ఆపవద్దు. జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీత నాటకాల్లో 'దాస్ రైన్‌గోల్డ్' సుమారు రెండున్నర గంటలు ఆగకుండా నడుస్తుంది. ఆయనవే మిగతా పెద్ద నాటకాలను జర్మనీలోని బైరాయిట్‌లో ఆయన కట్టించిన రంగశాలలో వేసేటప్పుడు అంకాల మధ్య ఇంచుమించు గంటసేపు విరామం ఇస్తారు. కాబట్టి ఒకే రచయితకు కూడా ఒకే సూత్రం పనికిరాదు. ఆపకూడదని మీరు నిర్ణయించుకుంటే మాత్రం, టికెట్టు కొనేటప్పుడే ప్రేక్షకులకు ఆ సంగతి తెలియాలి.

ప్రశ్న: కొవ్వొత్తులు మార్చడానికే విరామం పుట్టిందని విన్నాను. నిజమేనా?

కొంతవరకు నిజం. లండన్‌లో షేక్‌స్పియర్ బృందం ఆరుబయట పగటి వెలుగులో నాటకాలు వేసినంత కాలం అంకాల మధ్య ఆగే అవసరం పడలేదు. 1609 ప్రాంతంలో బ్లాక్‌ఫ్రయర్స్ అనే పైకప్పున్న రంగశాలలోకి వచ్చాక కొవ్వొత్తుల వెలుగులో ఆడాల్సి వచ్చింది. వాటి వత్తులు కత్తిరించాలి, కరిగినవి మార్చాలి. ఆ సమయంలో వాద్యకారులు సంగీతం వినిపించేవారు.

అయితే అంకాల విభజన కొవ్వొత్తుల కంటే చాలా పాతది. నాటకానికి ఐదు అంకాలు ఉండాలని రోమన్ కవి హొరేస్ చెప్పాడు. మన నాట్యశాస్త్రం ఒక అంకంలో ఒక రోజు కథకు మించి చూపవద్దంటుంది. మధ్యలో గడిచిన కాలం సంగతులు చెప్పడానికి ప్రవేశకం, విష్కంభం అనే చిన్న ఘట్టాలు పెట్టింది. నాకు ఈ ఏర్పాటంటే ఎంతో ఇష్టం. వేదిక ఖాళీ కాదు, కాలం మాత్రం గడిచిపోతుంది.

అంకాల మధ్య ఖాళీని నింపడానికి పుట్టిన కళ కూడా తక్కువది కాదు. ఇటలీ స్వరకర్త పెర్గొలేసి 1733లో నేపుల్స్‌లో తన పెద్ద ఓపెరా అంకాల మధ్య నవ్వించడానికి 'లా సెర్వా పద్రోనా' అనే చిన్న సంగీత నాటిక పెట్టాడు. పెద్దదాన్ని జనం మరచిపోయారు, చిన్నది ఇప్పటికీ ఆడుతోంది. ప్రపంచమంతా పెళ్లిళ్లలో వాయించే, జర్మన్ స్వరకర్త మెండెల్‌సన్ 'వెడ్డింగ్ మార్చ్' కూడా, షేక్‌స్పియర్ నాటకం ఒకదానిలో నాలుగు, ఐదు అంకాల మధ్య వాయించడానికి రాసిందే.

ప్రశ్న: కచేరీ విరామం తర్వాత రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చానని నన్ను తలుపు దగ్గరే ఆపేశారు. పియానో వాద్యం పావుగంటసేపు బయటే నిలబడి విన్నాను. డబ్బు పెట్టి టికెట్టు కొన్నవాళ్లతో ఇలా చేయవచ్చా?

మీ బాధ నాకు అర్థమైంది. అయినా తలుపు దగ్గరివారిదే సరైన పని. విరామంలో మీరు బయట ఉన్నప్పుడు ఒక మనిషి పియానో ముందు కూర్చుని, మెట్లు ఒక్కొక్కటీ నొక్కి తీగల శ్రుతి సరిచేసి ఉంటారు. మొదటి భాగంలో గట్టిగా వాయించిన తీగలు జారుతాయి. అంత సున్నితంగా సిద్ధం చేసిన మొదటి స్వరం మీద తలుపు చప్పుడు పడకూడదు.

తప్పు మరోచోట ఉండవచ్చు. గంట మీకు వినిపించిందా? బైరాయిట్‌లో వాద్యకారులు మేడ మీది వసారాలోకి వచ్చి, రాబోయే అంకంలోని ఒక చిన్న బాణీని బాకాలతో ఊదుతారు. పదిహేను నిమిషాల ముందు ఒకసారి, పది నిమిషాల ముందు రెండుసార్లు, ఐదు నిమిషాల ముందు మూడుసార్లు. తోటలో ఉన్నవారికి కూడా అది వినిపిస్తుంది. మీరు వెళ్లిన హాల్లో గంట మరుగుదొడ్ల దాకా, మెట్ల దాకా వినిపించకపోతే నిర్వాహకులకు ఉత్తరం రాయండి, తప్పకుండా రాయండి. ఈసారి ఆలస్యమైతే, మొదటి చప్పట్లు మోగగానే వెనక గోడ వారగా నిలబడనివ్వమని అడగండి. నేనైతే పంపించేదాన్ని.